పండేది? పిక్కేది?

ఉద్దానమునకు మేము పోయినది చైత్రమాసపు చివరి దినములలో. పలాస స్టేషనులో దిగి, కాశీబుగ్గ దాటి, వజ్రపుకొత్తూరు వైపు పోవు బాట పట్టితిమి. బాటకు ఇరుప్రక్కల ఇసుకనేలలో జీడిమామిడి తోటలు, వానిపై తలలెత్తి నిలిచిన కొబ్బరిచెట్లు, పెరళ్లలో మొదలంట కాచిన పనసలు. ఉద్యానవనమను మాటయే నోళ్లలో నలిగి ఉద్దానమైనదని ఇక్కడివారు చెప్పుదురు. ఆ మాటను నమ్మించుటకు ఆ తోటలే చాలును.

రైతుల కార్యక్రమమునకై కొన్ని సంభాషణలు ధ్వనిముద్రణము చేయవలెనని మేము వెళ్లితిమి. ఒక తోటలో వృద్ధురాలొకతె రాలిన జీడిపండ్లను ఏరి, పిక్కను మెలిపెట్టి తీసి, పిక్కను బుట్టలోనికిని పండును ప్రక్కనున్న కుప్పలోనికిని విసరుచుండెను. ఆమె మనుమడు పదవ తరగతి చదువుచున్నవాడు. ఏరుటలో ఆమెకు సాయపడుచుండెను. మేము చేరునప్పటికే వారి నడుమ వివాదమొకటి సాగుచుండెను.

“మామ్మా, అది పండు కాదే. మా మాస్టారు సెప్పేరు. అది కాడ. పిక్కే అసలు పండు.”

“పిక్క పండేటిరా? పిక్క కొరికితే మూతి కాల్తాది. పండు కొరికితే తియ్యగుంటాది. కాడంటావేటి? సూడండి బాబూ, ఈడి సదువు! సెట్టున పండినదాన్ని పండు కాదంటన్నాడు.”

ఆమె మమ్ములను మధ్యవర్తులను చేసినది. మేమప్పుడు నవ్వి తప్పించుకొంటిమి. ఈ వ్యాసము ఆనాడు మేము వాయిదా వేసిన తీర్పు.

ఇది మామ్మామనుమల ముచ్చటగా తేల్చివేయదగినది కాదు. పిక్క కొరికిన మూతి కాలుట, పండు కొరికిన తియ్యగనుండుట, ఈ రెండును నిజమే. రెంటికిని కారణము ఆ ఫలపు నిర్మాణములోనే యున్నది. పలాసలో పిక్క కోయు స్త్రీల చేతులు పొక్కుటకును, తోటలలో పండ్లు కుప్పలై కుళ్లుటకును గల కారణములు ఆ నిర్మాణము తెలిసినగాని తెలియవు. కావున వృక్షశాస్త్రజ్ఞులు ఫలములను ఏ విధముగ విభజింతురో, ఎందుకు విభజింతురో, ఉద్దానపు తోటలలో తిరుగుచునే తెలిసికొందము.

మొదట ఫలమననేమి? పూవు నడుమ చిన్న కుండవంటి భాగమొకటి యుండును. అది అండాశయము. దానిలో సూక్ష్మమైన అండములుండును. పుప్పొడి కీలాగ్రముపై బడి ఫలదీకరణము జరిగిన పిదప అండములు విత్తనములగును. అండాశయపు గోడ పెరిగి ఫలకవచమగును. ఈ విధముగ పక్వమైన అండాశయమే ఫలము. అది తీపియా చేదా, మెత్తనా గట్టిదా, మనము తినదగినదా కాదా అను విచారణ ఈ నిర్వచనములో లేదు. మనము పిందె, కాయ, పండు అని మూడు మాటలు వాడుదుము. అవి వయస్సును తెలుపు మాటలు. శాస్త్రజ్ఞునకు ఆ మూడును ఒక్క ఫలమే.

ఇప్పుడు జీడిపండును చూతము. జీడిమామిడి పూవు చాల చిన్నది. ఒక్కొక్క గుత్తిలో అధికభాగము మగపూవులే; కాయ కట్టగలవి కొన్ని మాత్రమే. ఫలదీకరణమైన పిమ్మట మొదట పెరుగునది పిక్క. అది ఆకుపచ్చగ, వంకరగ పెరిగి తన పూర్తి పరిమాణమునకు వచ్చువరకు వెనుకనున్న కాడ సన్నగనే యుండును. ఆ తరువాత కాడ ఉబ్బుట మొదలిడును. కొలది వారములలో రసము నిండి, పసుపు రంగునో ఎరుపు రంగునో దాల్చి, పిక్కకంటె అనేక రెట్లు పెద్దదగును. అండాశయము పెరిగి పిక్క యైనది. పూవును మోసిన కాడ ఉబ్బి పండైనది. నమ్మనివారు పండును నిలువున కోసి చూడవచ్చును. దానిలో విత్తనమే కనబడదు. కావున ఆ కుఱ్ఱవాని మాస్టారు చెప్పినది సరియే. పిక్క నిజఫలము, మనము జీడిపండనునది అనృతఫలము. అండాశయము కాక, పూవు యొక్క ఇతర భాగమేదైనను పెరిగి ఫలమువలె కనబడినచో దానికి ఆ పేరు. ఆపిల్ పండులో మనము తిను కండలో అధికభాగమును ఈ జాతిదే. అండాశయము దాని నడుమ, గింజల చుట్టునున్న గట్టి పొరలోనే దాగియుండును.

“అనృతము” అనగా అబద్ధము. అట్లని ఆ తీపి అబద్ధము కాదు. మామ్మ కూడ ఓడిపోలేదు. చెట్టు ఆ కాడను తీపి చేసినది జంతువులు, గబ్బిలములు, పక్షులు దానిని ఆశించి పిక్కను దూరముగ కొనిపోవుటకు. పనిని బట్టి చూచినచో అది పండు చేయు పనియే చేయుచున్నది. పుట్టుకను బట్టి చూచినచో మాత్రము పండు కాదు. శాస్త్రజ్ఞుడు పుట్టుకను చూచును. మామ్మ పనిని చూచినది.

ఇక పిక్క కాల్చుట యెందుకు? ఇందులకు మామిడికాయను కోసి చూడవలెను. మామిడి ఫలకవచమున మూడు పొరలున్నవి. పైతోలు బాహ్యఫలకవచము, మనము తిను కండ మధ్యఫలకవచము, గట్టి టెంక అంతరఫలకవచము. టెంక లోపలి జీడి విత్తనము. టెంకతో గూడిన ఇట్టి ఫలములకు టెంకెఫలములని పేరు. రేగు, నేరేడు ఒకదానితో నొకటి పోలినట్లు కనబడును గాని, రేగులో టెంక యున్నది కావున అది టెంకెఫలము. నేరేడులో ఉన్నది టెంక కాదు, విత్తనమే. కావున అది మృదుఫలము. మామిడివలెనే జీడిపిక్క పెంకునకును పొరలున్నవి. వెలుపల తోలువంటి పొర, లోపల గట్టి పొర, ఆ రెంటి నడుమ తేనెపట్టువంటి గదులు. మామిడిలో తీపి కండ యుండు తావున జీడిపిక్కలో ఆ గదుల నిండ జీడినూనె యున్నది. దానిలోని అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ అను పదార్థములు చర్మమును పొక్కించును. విత్తనమును పురుగునుండి, పంటినుండి కాపాడుటకు చెట్టు చేసికొన్న ఏర్పాటిది. తీపి కాడతో పిలుచుట, మండు పెంకుతో కాచుట, ఈ రెండును ఒక్క చెట్టు చేయు పనులే.

తెలుగువారు ఈ చెట్టునకు పెట్టిన పేరు చూడుడు. ఇది మన దేశపు చెట్టు కాదు. బ్రెజిల్ దేశమునుండి పోర్చుగీసువారు 16వ శతాబ్దమున దీనిని పడమటి తీరమునకు తెచ్చిరి. క్రొత్తగ వచ్చిన చెట్టును చూచి మనవారు జీడిమామిడి యనిరి. జీడి యనగా మన అడవులలోని నల్లజీడి. దాని నల్లని రసముతో చాకలివారు బట్టలపై చెరగని గుర్తులు పెట్టెడివారు. ఆ జీడిగింజ క్రింద కూడ కాడ ఉబ్బి నారింజరంగు పండువలె నుండును; ఆ గింజ రసము కూడ చర్మమును పొక్కించును. ఆకును, పూగుత్తిని చూచినచో మామిడి పోలిక. 1753లో లిన్నేయస్ ఈ చెట్టునకు శాస్త్రీయనామము పెట్టెను. నేటి వృక్షశాస్త్రము మామిడిని, నల్లజీడిని, జీడిమామిడిని ఒక్క కుటుంబముననే చేర్చియున్నది. సారపప్పు నిచ్చు మొర్రి, పిస్తా కూడ ఆ కుటుంబములోనివే. ఏ సూక్ష్మదర్శినియు లేకయే పేరు పెట్టిన ఆ తెలుగు రైతు చెట్టు చుట్టములను సరిగ పోల్చుకొన్నాడు.

ఇట్టి దేశీయ జ్ఞానమును ఆదరించిన శాస్త్రజ్ఞులు లేకపోలేదు. స్కాట్లండు దేశీయుడైన విలియమ్ రాక్స్‌బరో 1781 మొదలు 1793 వరకు గోదావరి మండలములోని సామర్లకోటలో నుండి మొక్కలను పరిశీలించెను. తరువాత కలకత్తా ఉద్యానవనమునకు అధిపతి యయ్యెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగ వెలువడినది. అందులోని 300 చిత్రములకు మూలములైన బొమ్మలను మన దేశపు చిత్రకారులు వ్రాసిరి. మొక్కల తెలుగు పేర్లను కూడ ఆయన అందు చేర్చెను. ఇంచుమించు ఆ కాలముననే జర్మనీలో యోసెఫ్ గేర్ట్నర్ అను వైద్యుడు వేయికి పైగా మొక్కల ఫలములను, విత్తనములను కోసి చూచి, వాని నిర్మాణమును వర్ణించి 1788లో మొదటి సంపుటమును ప్రకటించెను. ఫలములను పైరూపమును బట్టి కాక లోనిర్మాణమును బట్టి విభజించు శాస్త్రమునకు ఆ గ్రంథము పునాది.

అయినను శాస్త్రజ్ఞులందరు అన్నిట నేకీభవించిరని తలపరాదు. జీడిపిక్కను కొన్ని పుస్తకములు పెంకుగల ఫలమనుచున్నవి, కొన్ని టెంకెఫలమనుచున్నవి. గట్టి పెంకు, లోపల ఒక్క విత్తనము, తనంత పగులకుండుట చూచినవారు మొదటి మాట యందురు. మూడు పొరల నిర్మాణమును, మామిడితో చుట్టరికమును చూచినవారు రెండవ మాట యందురు. ఫలముల విభజన ప్రకృతి గీచిన గీత కాదు. ప్రకృతిని తెలిసికొనుటకు మనము గీసికొన్న గీత. గీతపై నిలుచు ఫలములు ఎల్లప్పుడు కొన్ని యుండును.

కొబ్బరికాయను గూర్చి మాత్రము ఇట్టి తగవు లేదు. అది టెంకెఫలమే. దాని పైతోలు బాహ్యఫలకవచము, మామిడిలో కండ యుండు తావున దీనిలో పీచున్నది, చిప్ప టెంక. చిప్పపైనున్న మూడు కండ్లు మూడు గదుల అండాశయమునకు గుర్తు; వానిలో ఒకటి మాత్రమే విత్తనమునకు పనికివచ్చినది. మెత్తగనుండు కంటి క్రిందనే మొలక యుండును. కొబ్బరియు, నీళ్లును అంకురచ్ఛదము, అనగా మొలక కొరకు తల్లి కట్టిన చద్దిమూట. మొలక వచ్చిన కాయను పగులగొట్టినచో లోపల కనబడు కొబ్బరిపువ్వు ఆ చద్దిని పీల్చుకొనుటకు పెరిగిన బీజదళపు భాగము. పీచులో గాలి నిండియుండుటచే కాయ సముద్రముపై తేలి దూరతీరములకు చేరగలదు. ఉద్దానమున ఈ పొరలలో ఏదియు వృథా కాదు. పీచు త్రాళ్లకు, చిప్ప బొగ్గునకు, కొబ్బరి నూనెకు పోవును. వృక్షశాస్త్రపు ఒక్కొక్క పొర ఇక్కడ ఒక్కొక్క వృత్తి యైనది.

తాటికాయ కూడ ఈ కోవలోనిదే. ఒక్క కాయలో మూడు టెంకలుండుట దాని విశేషము. వేసవిలో మనము తిను ముంజ ఇంకను గట్టిపడని అంకురచ్ఛదము. పండిన కాయలో పీచు నడుమ తినునది మధ్యఫలకవచము. టెంకలను పాతిపెట్టగా వచ్చునది తేగ. టెంకను పగులగొట్టగా దొరకు తెల్లని గుంజు బీజదళపు భాగము. ఒక్క ఫలమును వేరు వేరు కాలములందు వేరు వేరు భాగములుగ తినుట మన పల్లెలవారికి తెలిసినంతగ ఎవరికి తెలియును?

టెంక లేక, గోడ యంతయు మెత్తగ నుండి, లోపల విత్తనములు గలవి మృదుఫలములు. వంకాయ, టమాటా, మిరప, జామ, ద్రాక్ష, అరటి ఇట్టివి. అరటిలోని నల్లని చుక్కలు విత్తనములు కాలేకపోయిన అండములు. అడవి అరటిలో అవి గట్టి గింజలై పంటికి తగులును. దోస, గుమ్మడి, సొర, పుచ్చ మొదలగు గట్టి తోలుగలవానిని, తొనలలో రసపు తిత్తులు గల నిమ్మ, నారింజ, బత్తాయిలను మృదుఫలములలోనే ప్రత్యేక శాఖలుగ చెప్పుదురు.

వంకాయ పండేమిటని నవ్వుకొనువారుందురు. ఈ నవ్వు అమెరికాలో న్యాయస్థానమున కెక్కినది. అక్కడ 1883 నాటి సుంకపు చట్టము విదేశములనుండి వచ్చు కూరగాయలపై నూటికి పది వంతున పన్ను విధించి, పండ్లను విడిచినది. టమాటాపై పన్ను కట్టిన న్యూయార్కు వర్తకులు అది పండు గదా యని సొమ్ము తిరిగి యిమ్మని దావా వేసిరి. 1893లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది: వృక్షశాస్త్రము ననుసరించి టమాటా ఫలమే, కాని జనులు దానిని భోజనముతో తిందురు గాని, భోజనానంతరము పండువలె తినరు, కావున చట్టము దృష్టిలో కూరగాయ. వర్తకులు ఓడిరి. ఈ చిక్కు మన భాషకు లేదు. వంకాయ, బెండకాయ, బీరకాయ, సొరకాయ అని వండుకొను ఫలములన్నిటిని మనము కాయలే యంటిమి. బచ్చలిని ఆకుకూర యంటిమి. చేమను దుంప యంటిమి. కాయకును ఆకునకును గల భేదము వంటింటి భాషలోనే యున్నది.

పక్వమైన పిదప గోడ ఎండిపోవు ఫలములు శుష్కఫలములు. వానిలో కొన్ని తమంత తాము పగిలి గింజలను వెదజల్లును. కంది, పెసర, చిక్కుడు రెండంచుల వెంబడి పగులును. జిల్లేడుకాయ ఒక్క అంచున పగిలి దూదిరెక్కల విత్తనములను గాలికి వదలును. బెండ, ప్రత్తి, నువ్వు అనేక గదుల గుళికలు. ఆముదపుకాయ ఎండి మూడు తునకలగును, ధనియము రెండగును. వేరుసెనగ కందికి చుట్టమే. పూవు నేలపైన పూచును. ఫలదీకరణమైన పిదప ఊడ దిగి నేలలో దూరి అక్కడ కాయ కట్టును. అది వేరు కాదు, సెనగ కాదు, బాదమువంటి పప్పును కాదు.

మఱి వరిగింజ? అదియు ఒక ఫలమే. వరిలో ఫలకవచమును, విత్తనపు తోలును విడదీయరాకుండ అంటుకొనిపోయినవి. పైనున్న ఊక ఫలమునకు సంబంధించినది కాదు. అది పూవును కప్పియుండిన పొలుసు. ఊక తీసిన దంపుడు బియ్యపు గింజ ఫలము. దానిని మరలో పాలిషు పట్టించినచో ఫలకవచము, విత్తనపు తోలు, మొలక తవుడై రాలిపోవును. మిగులునది అంకురచ్ఛదము మాత్రమే. తవుడుతో పాటు బి1 విటమిను చాలవరకు పోవును. తెల్లగ పాలిషు పట్టిన బియ్యమే ముఖ్యాహారముగ నున్నచోట్ల బెరిబెరి వ్యాధి ప్రబలుటకు కారణమదే. ఫలకవచమను మాట ఆరోగ్యమునకు ఎంత దగ్గరనున్నదో దీనివలన తెలియగలదు.

ఇంతవరకు చెప్పినవన్నియు ఒక్క పూవు, ఒక్క అండాశయము, ఒక్క ఫలము అను లెక్కలోనివి. సీతాఫలమును చూడుడు. ఒక్క పూవులోనే అనేక అండకోశములు విడివిడిగ నుండి, అన్నియు పండి ఒక్కటిగ అంటుకొన్నవి. పైనున్న ఒక్కొక్క కన్ను ఒక్కొక్క చిన్న ఫలము. ఇది సంకలితఫలము. పనస దీనికి భిన్నము. ఒక్క పనసకాయ వందలకొలది పూవులు ఒక్క కాడపై గుమిగూడి కలిసి కట్టిన ఊరు. ఒక్కొక్క తొన ఒక్కొక్క పూవు ఫలితము. మనము తిను తొన అండాశయము కాదు, పూవు రేకల వంటి భాగము ఉబ్బినది. దాని లోపల పిక్కను చుట్టియుండు పలుచని సంచియే అసలు ఫలము. తొనల నడుమ మనము తీసి పారవేయు పీచు కాయ కట్టలేకపోయిన పూవులు. ఇట్టిది సంయుక్తఫలము. సీతంపేట కొండలలో పండు అనాస కూడ సంయుక్తఫలమే. తీరమున మొగలిపొదలలో ఆడచెట్టు కాచు, అనాసను పోలిన కాయయు అనేక పూవుల కూడికయే. సీతాఫలము ఒక పూవు బిడ్డల గుంపు. పనస అనేక పూవుల బిడ్డలు చేరిన గుంపు.

ఇంట పిల్లలకు ఈ విభజన నేర్పుటకు గ్రంథములక్కర లేదు. ఒక కత్తిపీటయు, నాలుగు ప్రశ్నలును చాలును. మొదటి ప్రశ్న: ఇది ఒక్క పూవునుండి వచ్చినదా, అనేక పూవులనుండియా? రెండవది: ఒక్క పూవునుండియే యైనచో, ఒక్క అండాశయమా, విడివిడిగ అనేకమా? మూడవది: మనము చూచుచున్నది అండాశయమేనా, కాడ వంటి ఇతర భాగమును కలిసినదా? నాలుగవది: పండిన పిదప గోడ మెత్తనా, ఎండినదా, మెత్తనిదైనచో లోపల టెంక కలదా, ఎండినదైనచో పగులునా, పగులదా? ఈ నాలుగు ప్రశ్నలతో సంతలో దొరకు కాయలను, పండ్లను దాదాపు అన్నిటిని వాని వాని వరుసలలో నిలుపవచ్చును.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఒకే తరగతి ఫలమైనంత మాత్రమున చుట్టరికము కలదనరాదు. మామిడి, కొబ్బరి రెండును టెంకెఫలములే. ఆ చెట్లకు దగ్గర బంధుత్వము లేదు. టెంకను కట్టుట అను ఉపాయము వేరు వేరు వంశములలో వేరు వేరుగ పుట్టినది. ఫలపు రూపము వేరు, వంశము వేరు. ఈ భేదము ప్రాణమునకు ముడిపడు సందర్భములు కూడ కలవు. కొందరికి జీడిపప్పు పడదు. తిన్నంతనే దద్దురులు, ఊపిరాడకపోవుట మొదలగు ప్రమాదములు కలుగవచ్చును. అట్టివారికి పిస్తా కూడ పడకుండుట చాల తరచు. రెండును ఒక్క కుటుంబములోనివి గదా. వేరుసెనగ చిక్కుడు కుటుంబములోనిది. పప్పులన్నియు ఒక్కటే యనుకొనుట ఎంత పొరపాటో, పేరు వేరు గనుక భయము లేదనుకొనుటయు అంత పొరపాటు. అట్టివారు వైద్యుని సలహా లేక ఏ పప్పును తినరాదు.

తోటనుండి మేము పలాసకు తిరిగివచ్చి జీడిపరిశ్రమ ఒకటి చూచితిమి. ఎండబెట్టి నిలువచేసిన పిక్కలను నేడు పెక్కు చోట్ల ఆవిరిలో ఉడికింతురు. పూర్వము డ్రమ్ములలో కాల్చెడివారు. ఆ పిమ్మట ఒక్కొక్క పిక్కను కత్తిరించి పెంకు విడదీయవలెను. యంత్రములు వచ్చినను చేతిపని పోలేదు. పెంకు తెగినంతనే నూనె చిమ్మును. పని చేయు స్త్రీలు చేతులకు నూనెయో బూడిదయో పూసికొందురు. అయినను వారి వ్రేళ్ల కొనలు నల్లబడి, తోలు ఊడి యుండుట మేము చూచితిమి. తొడుగులు ధరించినచో చేతులు నిలుచును; పిక్క చేతికి తెలియక పని మందగించునని కొందరు వానిని తీసివేయుదురు. కూలి పనినిబట్టి యున్నచోట ఆ మందగింపు కూలిలో తెలియును. ఆ నూనెయే రంగులకు, వార్నిషులకు, వాహనముల బ్రేకు పట్టీలకు ముడిసరుకు. చేతిని కాల్చు పొరకు విలువ కలదు. కాలిన చేతికి కూడ విలువ కట్టవలసియున్నది.

పెంకు తీసిన పప్పును ఆరబెట్టి, పైనున్న ఎఱ్ఱని పొట్టు ఒలుతురు. ఆ పొట్టు విత్తనపు తోలు; పప్పు రెండు బీజదళములు. విరుగనిది గుండు, విడిపోయినది బద్ద. గుండ్లను పరిమాణమును బట్టి తరగతులుగ విడదీయుదురు. డబ్ల్యు 320 అనగా ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 320కి మించని గుండ్లు తూగునని అర్థము. డబ్ల్యు 240 అంతకంటె పెద్దది. వర్తకునిది కూడ ఒక విభజనయే. శాస్త్రజ్ఞుడు పుట్టుకను చూచును, మామ్మ తీపిని చూచును, వర్తకుడు తూకమును చూచును.

ఈ మూడు విభజనలలోను వెనుకబడినది తోటలో కుప్పవడిన ఆ పండే. దానిలో సి విటమిను నారింజలో కంటె అనేక రెట్లు కలదు. కాని తోలు పలుచన. రాలిన దినముననే నలిగి పులియును. వగరు గొంతును పట్టును. కావున సంతకు చేరదు. గోవాలో దానినుండి ఫెని అను సారాయి తీయుదురు. రసము, పాకము, ఊరగాయ చేయు పద్ధతులు కూడ కలవు. మన తోటలలో అధికభాగము నేలపాలగుచున్నది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి చెట్లు లెక్కలేనన్ని కూలినవి. నాటిన కొబ్బరిమొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. అట్టి నేలలో ఒక్క చెట్టు ఇచ్చినదానిలో సగమును పారవేయుట చిన్న నష్టము కాదు. నిజఫలమునకు మాత్రమే ధర కలదు. అనృతఫలమునకు కూడ ధర కల్పించినచో రైతు చేతికి రెండవ పంట వచ్చినట్లే.

తిరుగుప్రయాణమున మఱల ఆ తోట మీదుగా వచ్చితిమి. చీకటి పడుచుండెను. కుఱ్ఱవాడు పిక్కల బస్తా కుట్టుచుండెను. పరీక్షలో ఏమి వ్రాయవలెనని మమ్మడిగినాడు. పిక్క నిజఫలమనియు, పండు ఉబ్బిన కాడ యనియు వ్రాయుమంటిమి. మామ్మ ఊరకుండలేదు.

“రాయనీండి బాబూ. మార్కులొస్తే మంచిదే. మరి తినీటప్పుడేటనాల?”

తినునప్పుడు పండనియే అనవలెనని మేము తీర్పు చెప్పితిమి. ఆమె కుప్పలోనుండి మంచివి నాలుగు ఏరి, ఉప్పద్ది మాకిచ్చినది. వగరు గొంతు పట్టినను తీపి మాత్రము నిజమే. శ్రోతలు తమ యింట రేపు కోయు కాయను ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షింతురు గాక. చిక్కు తెగని ఫలమేదైన కనబడినచో మాకు వ్రాసిపంపుడు. మఱియొక ప్రసంగమున విచారింతము.